ఏళ్ల గ్యాప్ తర్వాత వచ్చిన గాథిక్ మెటల్: రాయగడలో బండెక్కే ముందు ఏది డౌన్‌లోడ్ చేసుకోవాలి?

మొన్న సంక్రాంతి సెలవులకి మా అక్క కొడుకు గుణుపురం నుంచి వచ్చాడు. అక్కడ ఇంజినీరింగ్ రెండో ఏడు. తిరిగి వెళ్లేటప్పుడు నేరుగా కాలేజీకి కాకుండా, విశాఖలో ఏదో పనుందని రాయగడ స్టేషన్‌కి దింపమన్నాడు. ప్లాట్‌ఫాం మీద ముఢీ (మరమరాల) పొట్లం ఒక చేత్తో, ఫోన్ ఇంకో చేత్తో పట్టుకుని, “మావయ్యా, ఈ అయిదింట్లో ఏది? ఒక్కదానికే జాగా ఉంది,” అన్నాడు. చూస్తే అయిదూ గాథిక్ మెటల్ ఆల్బమ్‌లు, అంటే బరువైన గిటార్లతో దిగులుగా సాగే రాక్ పాటలు. అయిదూ ఏళ్ల తరబడి చప్పుడు చెయ్యకుండా ఉండి మళ్లీ నోరు విప్పిన బ్యాండ్లవే. బండి కూత వేస్తోంది. నాకు ఇష్టమైనది చెప్పేశాను: గ్రీన్ కార్నేషన్.

పార్వతీపురం రాకుండానే ఫోన్. “అయిపోయింది మావయ్యా. అయిదే పాటలు. అందులో ఒకటి వాళ్లది కూడా కాదట కదా, ఏటిది?”

తప్పు నాదే. నాకు ఏది ఇష్టమో చెప్పాను గానీ, వాడికి ఏది సరిపోతుందో ఆలోచించలేదు. మన వైపు నుంచి విశాఖకి అటూ ఇటూగా నాలుగు గంటలు. గుమడ, కూనేరు దగ్గర కొండల మధ్య సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది. ఆన్‌లైన్‌లో వింటూ వెళ్దామంటే పాట మధ్యలో ఆ గుండ్రం తిరుగుతూనే ఉంటుంది. ముందే దింపుకోవాలి. దింపుకునేది ఏదో తెలిసి దింపుకోవాలి.

ముందు ఏం చూసుకోవాలి

గొంతు అన్నిటికన్నా ముఖ్యం. గాథిక్ మెటల్‌లో రెండు రకాల గొంతులుంటాయి. ఒకటి మామూలుగా, రాగం తీసి పాడేది. రెండోది గ్రౌల్, అంటే కడుపులోంచి తెచ్చి గర్జించేది. 1991లో ప్యారడైజ్ లాస్ట్ అనే బ్యాండ్ ‘గాథిక్’ అని ఆల్బమ్ వేసినప్పుడే ఈ రెండూ పక్కపక్కన వినిపించాయి, ఈ సంగీతానికి పేరు కూడా అక్కడినుంచే స్థిరపడింది. గ్రౌల్ పడనివాళ్లకి ఎంత గొప్ప ఆల్బమ్ ఇచ్చినా దండగ. మా అమ్మ పక్క గదిలోంచి “ఎవరు పోయార్రా?” అని అడుగుతుంది. ఆవిడ మామూలు గొంతు విన్నా అదే అడుగుతుందనుకోండి, అది వేరే సంగతి.

రెండోది, పాత ఆల్బమ్‌లు తెలియాలా అక్కర్లేదా. కొన్ని తిరిగొచ్చిన ఆల్బమ్‌లు పాత అభిమానికి రాసిన ఉత్తరాల్లా ఉంటాయి. ముందు సంగతి తెలియకపోతే సగం అర్థం కాదు.

మూడోది, గ్యాప్ ఎందుకు వచ్చింది. ఎన్నేళ్లు అన్నది అందరూ చెబుతారు. పదహారేళ్ల తర్వాత, పద్నాలుగేళ్ల తర్వాత అని పోస్టర్ల మీద వేస్తారు. నన్నడిగితే ఆ అంకెతో పనిలేదు. నాలుగున్నరేళ్ల గ్యాప్ ఒక మనిషిని పూర్తిగా మార్చేయొచ్చు. పద్నాలుగేళ్లు ఊరికే గడిచిపోనూవచ్చు. ఆ మధ్యకాలంలో ఏం జరిగిందన్నదే పాటలో వినపడుతుంది.

నాలుగోది నిడివి, సైజు. 320 కేబీపీఎస్‌లో, అంటే మంచి నాణ్యతలో దింపుకుంటే నిమిషానికి 2.4 ఎంబీ లెక్క వేసుకోండి. 47 నిమిషాల ఆల్బమ్ 113 ఎంబీ దగ్గర, 68 నిమిషాలది 163 దగ్గర తేలుతుంది. ఫోన్ నిండా రీల్స్ దాచుకున్న మా మేనల్లుడి లాంటివాళ్లకి ఈ లెక్క పనికొస్తుంది.

| బ్యాండ్, ఆల్బమ్ | వచ్చింది | అంతకుముందు కొత్త ఆల్బమ్ | పాటలు | గొంతు |
|---|---|---|---|---|
| ఎవనెసెన్స్: ద బిట్టర్ ట్రూత్ | 2021 | 2011 | 12 | ఆడగొంతు, గ్రౌల్ లేదు |
| మై డయింగ్ బ్రైడ్: ద ఘోస్ట్ ఆఫ్ ఒరాయన్ | 2020 | 2015 | 8 | మగగొంతు, మామూలూ గ్రౌలూ |
| గ్రీన్ కార్నేషన్: లీవ్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్ | 2020 | 2006 | 5 | మగగొంతు, మామూలుగా |
| ద గ్యాదరింగ్: బ్యూటిఫుల్ డిస్టార్షన్ | 2022 | 2013 | 8 | ఆడగొంతు, మెత్తగా |
| సెల్టిక్ ఫ్రాస్ట్: మోనోథీస్ట్ | 2006 | 1990 | 11 | మగగొంతు, బొంగురుగా, కటువుగా |

ఎవనెసెన్స్

ఇది అసలు గాథిక్ మెటలే కాదని గొణిగేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మన రాయగడలో ఈ పాటలు వినేవాళ్లు నలుగురుంటే అందులో ఇద్దరు వాళ్లే. గొణగనివ్వండి. 2003లో ‘ఫాలెన్’ వచ్చాక బరంపురం హాస్టల్‌లో మా గదిలో ఒకే ఒక కాపీ సీడీ ఉండేది, గీతలు పడి మూడో పాట దగ్గర ఎగిరేది. ఇప్పటికీ ఆ పాట ఎక్కడైనా వింటే నా చెవి ఆ ఎగురు కోసం ఎదురుచూస్తుంది. ఈ సంగీతంలోకి మనలో చాలామంది వచ్చింది ఆ గుమ్మంలోంచే.

2011 తర్వాత వాళ్లు ఖాళీగా కూర్చోలేదు. 2017లో ‘సింథసిస్’ వేశారు గానీ అందులో ఎక్కువ భాగం పాత పాటలకే ఆర్కెస్ట్రా తొడిగారు, కొత్తవి రెండే. పూర్తిగా కొత్త పాటల ఆల్బమ్ కోసం పదేళ్లు పట్టింది. ఈలోగా 2018లో గాయని ఎమీ లీ తమ్ముడు చనిపోయాడు. ఆ కుర్రాడు మూర్ఛవ్యాధితో చాలా ఏళ్లు బాధపడ్డాడు. ‘ఫార్ ఫ్రమ్ హెవెన్’ అనే పాట అతని కోసమే. అక్కడ గిటార్లన్నీ పక్కకి తప్పుకుంటాయి, పియానో, ఆమె గొంతు మిగులుతాయి. మిగతా ఆల్బమ్ పెద్ద చప్పుడు. డ్రమ్స్ ముందుకొచ్చి కూర్చుంటాయి. మామూలు ఇయర్‌ఫోన్‌లో కూడా బాగుంటుంది, బండి చప్పుడు మీంచి కూడా వినపడుతుంది. మధ్యలో రెండు మూడు పాటలు ఒకదానికొకటి కవలల్లా ఉన్నాయి, దాటేసినా నష్టం లేదు.

పాతవి తెలియాల్సిన పని లేదు. మొదటిసారి వినేవాళ్లకి నా మొదటి మాట ఇదే.

ఇందులోని ‘యూజ్ మై వాయిస్’ పాటకి వెనక గొంతు కలిపినవాళ్లలో విదిన్ టెంప్టేషన్ అనే బ్యాండ్ గాయని షారన్ డెన్ అడెల్ కూడా ఉంది. వాళ్లదీ 2019లో అయిదేళ్ల గ్యాప్ తర్వాత ‘రెసిస్ట్’ అని వచ్చింది. దాన్ని ఈ పోటీలో పెట్టలేదు. ఎలక్ట్రానిక్ హంగులు ఎక్కువై నాకు నచ్చలేదు, రెండుసార్లు విని వదిలేశాను.

మై డయింగ్ బ్రైడ్

ఇక్కడ కాస్త ఆగాలి.

ఇంగ్లండ్‌లో వెస్ట్ యార్క్‌షైర్ వాళ్లు. 1990 నుంచి ఉన్నారు. రెండు మూడేళ్లకో ఆల్బమ్ వేస్తూ పోయే బ్యాండ్. 2015 తర్వాత ఆగిపోయింది. కారణం సంగీతానికి సంబంధించింది కాదు. గాయకుడు ఆరన్ స్టెయిన్‌థార్ప్ అయిదేళ్ల కూతురికి క్యాన్సర్ అని తేలింది. ఆయన అన్నీ వదిలేసి పాప దగ్గర ఉండిపోయాడు. ఆ మధ్యలో ఒక గిటారిస్టు, డ్రమ్మరు కూడా వెళ్లిపోయారు. మిగిలిన గిటారిస్టు ఆండ్రూ క్రేగన్ ఒక్కడే కూర్చుని ఆల్బమ్‌లో గిటార్లన్నీ రాసుకున్నాడు. పాప కోలుకుంది. ఆ తర్వాతే ఆయన మైక్ ముందుకు వచ్చాడు. 2020 మార్చి 6న ఆల్బమ్ వచ్చింది.

మన వైపు పెద్ద జబ్బంటే విశాఖే. ఈ లైన్లో పొద్దుటి బండి ఎక్కి చూడండి, ప్రతి పెట్టెలోనూ ఒడిలో ఎక్స్‌రే కవర్ పెట్టుకున్న మనిషి కనిపిస్తాడు. మా నాన్నని తీసుకుని నేనూ ఆ ఏడాది చివర్లో అలాగే తిరిగాను. ఒక ఆస్పత్రి కారిడార్‌లో, ప్లాస్టిక్ కుర్చీలో, పేరు పిలిచేదాకా కూర్చోవడమే పని. అక్కడ విన్నాను మొదటిసారి, ‘టైర్డ్ ఆఫ్ టియర్స్’. మూడో పాట. ఎనిమిది నిమిషాలు దాటుతుంది. నేననుకున్నది కడుపు చించుకుని ఏడుస్తాడని. ఏడవడు. కన్నీళ్లతో విసిగిపోయానని పేరులోనే చెప్పేశాడు కదా, అలాగే పాడతాడు, అలిసిపోయిన మనిషి తన పని తాను చేసుకున్నట్టు. పక్క కుర్చీలో ఒక గుణుపురం పెద్దాయన టిఫిన్ డబ్బా మూత తిప్పుతూ, బిగిస్తూ, మళ్లీ తిప్పుతూ కూర్చున్నాడు. ఆ మూతకీ డ్రమ్స్‌కీ తాళం ఇంచుమించు కుదిరింది.

అందుకే దీన్ని “బాధ పాటల ఆల్బమ్” అని ఎవరికైనా ఇచ్చే ముందు ఆలోచిస్తాను. ఇంట్లో ఎవరైనా ఆస్పత్రిలో ఉన్నవాళ్లకి ఇది మంచి తోడు కావచ్చు, లేదా అస్సలు వినలేకపోవచ్చు. మధ్యేమార్గం లేదు. మూడో పాట ఒక్కటి ముందు వినండి. పడితే మిగతాది.

మిగతాదాంట్లో పది నిమిషాల దాకా సాగే పాటలు రెండున్నాయి, ‘ద లాంగ్ బ్లాక్ లాండ్’, ‘ద ఓల్డ్ ఎర్త్’. ఓపిక కావాలి. ‘ద సొలేస్’లో వార్డ్రూనా అనే బ్యాండ్ గాయని లిండీ ఫే హెల్లా గొంతు గిటార్ల మీద తేలుతూ పోతుంది. మన రాయగడ, గజపతి జిల్లాల్లో చర్చి కాయిర్లలో పాడే పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్లకి ఆ ఒక్క పాట వినిపించాలని నా కోరిక. గ్రౌల్ ఉందని తెలిస్తే పాస్టరు గారు ఏమంటారో చెప్పలేను గానీ, ఆ పాటలో గ్రౌల్ లేదు.

మొత్తం 56 నిమిషాలు. ఫోన్ స్పీకర్‌లో పెట్టకండి, కింది స్వరాలన్నీ పోయి దోమ చప్పుడు మిగులుతుంది.

గ్రీన్ కార్నేషన్

నార్వేలో క్రిస్టియన్‌శాండ్ వాళ్లు. 2001లో గంటసేపు సాగే ఒకే పాటతో ఒక ఆల్బమ్ వేశారు, ‘లైట్ ఆఫ్ డే, డే ఆఫ్ డార్క్‌నెస్’. దానితోనే వాళ్ల పేరు నిలిచింది. 2007లో విడిపోయారు, 2014లో మళ్లీ కలిశారు, 2020 మేలో ‘లీవ్స్ ఆఫ్ యెస్టర్‌ఇయర్’ వేశారు. అంతకుముందు ఆల్బమ్ 2006లోది. పద్నాలుగేళ్లు.

మా మేనల్లుడి ఫిర్యాదు న్యాయమైనదే. అయిదు పాటలు, 44 నిమిషాలు. కొత్తవి మూడే. ఒకటి బ్లాక్ సబ్బాత్ అనే బ్యాండ్ 1971లో పాడిన ‘సాలిట్యూడ్’. ఇంకొకటి వాళ్ల మొదటి ఆల్బమ్‌లోని పావుగంట పాటనే మళ్లీ రికార్డు చేశారు. బరంపురం పట్టుచీర పెట్టెలోంచి తీసి కొత్త అంచు వేయించినట్టు ఉంటుంది అది. చీర తెలిసినవాళ్లు అంచు చూసి మురుస్తారు. తెలియనివాళ్లకి అది మామూలు చీరే.

అయినా నాకు అయిదింట్లో ఇదే ఎక్కువ ఇష్టం. ఈ గ్యాప్‌లో చావు లేదు, జబ్బు లేదు. మనుషులు పెద్దవాళ్లయ్యారు, అంతే. గాయకుడు షెతిల్ నూర్దుస్ గొంతులో అది వినపడుతుంది, తొందర లేదు. మొదటి పాట ఎనిమిది నిమిషాలు, ఒక్క చోట కూడా పరిగెత్తదు. దీన్ని విశాఖ వైపు కాదు, కోరాపుట్ వైపు వెళ్లేటప్పుడు వినాలి. ఆ లైన్లో టన్నెల్‌లోకి దూరిన ప్రతిసారీ బండి చప్పుడు ఒక్కసారిగా మీద పడి పాటని మింగేస్తుంది. బయటికి రాగానే పాట మళ్లీ తేలుతుంది, లోయ కనిపిస్తుంది, ఇంకా అదే పాట నడుస్తూ ఉంటుంది. నిదానంగా సాగే పాట కాబట్టి మధ్యలో ముక్క పోయినా దారి తప్పం.

ఎవరికి? నలభై దాటినవాళ్లకి. పాత రోజుల్లో ఇలాంటివి విని, పెళ్లి, ఉద్యోగం, లోన్ల గొడవలో పడి వదిలేసి, ఇప్పుడు మళ్లీ మొదలుపెడదామనుకునేవాళ్లకి. ఇరవై ఏళ్ల కుర్రాడికి ఇది ఇచ్చిన నాకు బుద్ధి ఉండాలి.

ద గ్యాదరింగ్

నెదర్లాండ్స్ వాళ్లు. ఇక్కడ ఒకటే ప్రశ్న: మీరు పాత గాయని ఆనెకె మనిషా, కాదా? 1995లో ‘మాండీలియన్’ ఆమె గొంతుతోనే వచ్చింది. ఆడగొంతు గాథిక్ మెటల్‌కి ఆ ఆల్బమ్ పెద్ద దారి వేసింది. ఆమె 2007లో వెళ్లిపోయింది, 2009లో ఆ చోటికి నార్వే గాయని సిల్యే వెర్గెలాండ్ వచ్చింది. ‘బ్యూటిఫుల్ డిస్టార్షన్’లోనూ ఆమే. ఆనెకె కోసం వెతికితే నిరాశే.

నిజానికి ఇందులో మెటల్ తక్కువ. ఎప్పుడో మెటల్ ఊళ్లో పుట్టి, పక్క ఊరికి కాపురం వెళ్లిపోయిన బ్యాండ్ ఇది. గిటార్లు మంచులా కమ్ముకుంటాయి, ఎక్కడా మీద పడవు. జేకేపూర్ కాగితం మిల్లులో నైట్ షిఫ్ట్ చేసి పొద్దున్నే పడుకునే నా స్నేహితుడు ఒకడున్నాడు. కర్టెన్ వేసుకుని ఇది పెట్టుకుంటాడు. నాలుగో పాట ఎప్పుడూ వినలేదట.

సెల్టిక్ ఫ్రాస్ట్

స్విట్జర్లాండ్ వాళ్లు. 1980ల్లోనే ఈ సంగీతానికి పునాది రాళ్లు వేసినవాళ్లలో ఒకరు. 1987లో ‘ఇన్‌టు ద పాండిమోనియం’లో గరుకు గిటార్ల పక్కన ఆడగొంతు, ఆర్కెస్ట్రా పెట్టి అప్పటి అభిమానులకి పిచ్చెక్కించారు. 1990 తర్వాత మాయమై, 2006లో ‘మోనోథీస్ట్’తో వచ్చారు. 68 నిమిషాలు. అయిదింట్లో అన్నిటికన్నా చీకటి ఇక్కడే ఉంది, అన్నిటికన్నా బరువూ ఇదే. మొదటిసారి వినేవాళ్లు దీని జోలికి పోకండి. చివర్లో ఒక పాట పద్నాలుగు నిమిషాలు దాటుతుంది, దాన్ని పాట అనాలో కొండచరియ విరగడం అనాలో తెలీదు.

పాత సంగతి తెలిసినవాళ్లకి మాత్రం ఇందులో ఒక నిధి ఉంది. 1987 ఆల్బమ్‌లో ‘రెక్స్ ఇరే’ అనే పాటతో వాళ్లొక రెక్వియమ్, అంటే చనిపోయినవాళ్ల కోసం పాడే పూజ, మూడు భాగాలుగా మొదలుపెట్టారు. మొదటి భాగం రాసి ఆపేశారు. ‘మోనోథీస్ట్’ చివరన వచ్చే ‘వింటర్’ దానికి మూడో భాగం. మరి రెండోది? బ్యాండ్ 2008లో మళ్లీ విడిపోయింది. సహవ్యవస్థాపకుడు మార్టిన్ ఎరిక్ ఐన్ 2017లో చనిపోయాడు. గాయకుడు టామ్ గాబ్రియెల్ ఫిషర్ తన తర్వాతి బ్యాండ్ ట్రిప్టికాన్‌తో, పెద్ద ఆర్కెస్ట్రాని పెట్టుకుని, 2019లో నెదర్లాండ్స్‌లో జరిగిన రోడ్‌బర్న్ ఫెస్టివల్‌లో ఆ మధ్య భాగాన్ని కూడా వినిపించాడు. మొదటి ముక్కకీ మధ్య ముక్కకీ ముప్ఫై రెండేళ్లు. ఈ కథ తెలిశాక ‘వింటర్’ వింటే, మాట ఒక్కటీ లేని ఆ నాలుగైదు నిమిషాలు వేరేగా వినపడతాయి.

రోజూ మెటల్ వినేవాళ్లకి, గ్రౌల్ అంటే భయం లేనివాళ్లకి, రాత్రి ఒంటరిగా వినే వీలున్నవాళ్లకి ఇది. ఇంట్లో పసిపిల్లలుంటే ఇయర్‌ఫోన్ తప్పనిసరి. చైత్ర పర్వానికి మజ్జిగౌరి గుడి వైపు మైకులు మోగుతున్నప్పుడు ప్రయత్నించకండి, ఒకదానికొకటి కలిసి తలనొప్పి వస్తుంది. స్వానుభవం.

ఇక మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఎప్పుడూ వినలేదు, గ్రౌల్ పడదు అంటే ఎవనెసెన్స్. నచ్చకపోయినా 113 ఎంబీయే పోయేది.

గ్రౌల్‌తో పేచీ లేదు, మాటలు అర్థం చేసుకుని వినే అలవాటుంది అంటే మై డయింగ్ బ్రైడ్. ఇంగ్లిష్ మాటలు సాగదీసి పాడతాడు కాబట్టి లిరిక్స్ ముందే దింపుకుని పక్కన పెట్టుకోండి. నేను మొదట అలా చెయ్యక సగం మాటలు తప్పుగా విన్నాను.

ఇద్దరు ముగ్గురు కలిసి కారులో జయపురం వెళ్తుంటే వీటిలో ఏదీ వద్దు. ఇవి పదిమందిలో వినేవి కావు. డ్రైవరు కూడా ఒప్పుకోడు, ఘాట్ రోడ్డు మీద వాడికి నిద్ర రావడం మీకూ మంచిది కాదు.

ఒక్కటే ఎన్నుకోవాలా అని తర్జనభర్జన పడుతుంటే, ఇరవై రీల్స్ తీసేసి రెండింటికి జాగా చేసుకోండి. విశాఖ బండికి నేనైతే ఇలా వేస్తాను: రాయగడలో ఎవనెసెన్స్, అది పార్వతీపురం దగ్గర అయిపోతుంది. అక్కడినుంచి వెంటనే రెండోది మొదలుపెట్టకండి, చెవికి కాస్త విరామం ఇవ్వండి. బొబ్బిలిలో టీ తాగి, అప్పుడు మై డయింగ్ బ్రైడ్ పెట్టుకోండి.